కల్లంలో మిట్టమధ్యాహ్నం ఫ్లాష్

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ డొంక పట్టుకుని వెళ్ళినా మిర్చి కల్లాలు ఎదురవుతాయి. నేలంతా పరిచిన ఎర్రటి కాయ, ఓ పక్కన కూర్చుని తాలు (రంగు చెడిన కాయ) ఏరే ఆడవాళ్ళు, గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళాల్సిన టిక్కీలు (బస్తాలు). ఆ ఎరుపు కోసం ఊరి స్టూడియోవాళ్ళూ వస్తారు, పట్నం నుంచి ప్రీ వెడ్డింగ్ షూట్‌కు జంటను తీసుకుని వచ్చే బృందాలూ వస్తాయి. అక్కడ కెమెరా తెర మీద ఫోటో బాగానే కనిపిస్తుంది. తీరిగ్గా కంప్యూటర్లో తెరిచి చూస్తేనే బాధ మొదలవుతుంది. కళ్ళ దగ్గర నల్లటి గుంతలు, ముక్కు కింద మీసంలా నీడ, గడ్డం కింద వింత ఎరుపు. నేపథ్యంలో ప్రతి గోతం, ప్రతి కరెంటు స్తంభం స్పష్టంగా కనిపిస్తూ మనిషి మీద నిలవాల్సిన చూపును లాగేస్తుంటాయి.

ఇందులో ఫోటోగ్రాఫర్ తప్పు కన్నా ఈ నేల, ఈ ఎండ స్వభావమే ఎక్కువ. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి మూడో వారంలో మధ్యాహ్నం పన్నెండుంబావు వేళకు సూర్యుడు 74 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. అయిదడుగుల మనిషి నీడ అప్పుడు అడుగున్నర కూడా ఉండదు. మే మొదటి వారానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికే వస్తాడు. అంత నిలువుగా పడే వెలుగు నుదుటిని, ముక్కునూ కాల్చినట్టు తెల్లగా చేసి, కనుగుంతల్లోకి మాత్రం దిగదు. ఇక గడ్డం కింది ఎరుపు సంగతి. ఎండ ముందు పరిచిన కాయ మీద పడి, ఎర్రబారి, కింది నుంచి ముఖం మీదికి ఎక్కుతుంది. పత్తి చేలో ఈ ఇబ్బంది లేదు. విచ్చిన పత్తి నుంచి తిరిగి వచ్చే వెలుగుకు రంగు ఉండదు. మిర్చి దగ్గర మాత్రం ఎర్రటి లైటు వేసి తీసినట్టు అవుతుంది. ఎడిటింగ్‌లో ఆ ఎరుపును తీసేయాలని చూస్తే కాయ రంగు కూడా దానితోపాటే పోతుంది.

పొద్దున్నో సాయంత్రమో తీసుకోవచ్చు కదా అంటే, కుదిరితే అంతకన్నా మేలు లేదు. కానీ కల్లంలో పని ఎండలోనే సాగుతుంది, పెళ్ళివారికి దొరికే సమయమూ మన చేతిలో ఉండదు. అలాంటప్పుడు మనిషి వీపు ఎండవైపు ఉండేలా నిలబెట్టి, ముందు నుంచి, కాస్త పక్కగా, ముఖానికి మన వెలుగు మనం ఇవ్వాలి. రిఫ్లెక్టరుతో కొంత పని జరుగుతుంది, కానీ ఎదుటి మనిషి కళ్ళు చికిలించకుండా దానివైపు చూడలేడు. అందుకే ఫ్లాష్ కావాలి. ఎండ ఉండగా ఫ్లాష్ ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు కూడా ఇదే. ఎండ పడని చోటును నింపడానికి, కింది నుంచి ఎక్కిన ఎరుపును తెల్లటి వెలుగుతో పలచన చేయడానికి.

ఇక్కడే లెక్క అడ్డుపడుతుంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 పెడితే, ఎఫ్/16 దగ్గర షట్టర్ వేగం సుమారు 1/100 సెకను వస్తుంది. ఇది పాత ఫోటోగ్రాఫర్లందరికీ నోటికి వచ్చిన సూత్రమే. నేపథ్యంలోని గోతాలూ స్తంభాలూ మసకబారాలంటే లెన్స్ ఎఫ్/2.8కి తెరవాలి. అంటే అయిదు స్టాపులు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం. అయిదు స్టాపుల వెలుగు అదనంగా లోపలికి వస్తే, దాన్ని ఆపడానికి షట్టర్ 1/3200కి వెళ్ళాలి. కెమెరా దానికి సిద్ధంగానే ఉంటుంది, ఫ్లాష్ మాత్రం ఒప్పుకోదు. 1/200, 1/250 దాటితే ఫోటో అడుగున నల్లటి పట్టీ వస్తుంది. వేగం పెంచేకొద్దీ ఆ నలుపు పైకి పాకి సగం ఫోటోను మింగుతుంది. చాలామంది ఫ్లాష్ చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. ఆ నలుపు ఎక్కడిదో తెలియాలంటే షట్టర్ లోపలికి చూడాలి.

మనం వాడే డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎక్కువ వాటికి సెన్సార్ ముందు రెండు తెరలుంటాయి. బటన్ నొక్కగానే మొదటి తెర పై నుంచి కిందికి జారి సెన్సార్‌ను తెరుస్తుంది. అనుకున్న సమయం కాగానే రెండో తెర అదే దారిలో జారి మూసేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. ఈ దూరం దాటడానికి తెరకు సెకనులో 250వ వంతు, అంటే 4 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 1/200 దగ్గర మొదటి తెర పూర్తిగా దిగాక కూడా రెండోది కదలదు. ఆ క్షణంలో సెన్సార్ మొత్తం తెరిచి ఉంటుంది, ఫ్లాష్ అప్పుడు మెరుస్తుంది. అందరి ముఖాల మీదా వెలుగు పడుతుంది. 1/2000 పెట్టామనుకోండి. మొదటి తెర ఇంకా ఎనిమిదో వంతు దారి దిగేసరికే రెండోది బయల్దేరుతుంది. రెండింటి మధ్య మిగిలేది 3 మిల్లీమీటర్ల సందు. ఆ సందే పై నుంచి కిందికి జారుతూ ఫోటోను తీస్తుంది. సెన్సార్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణం అసలు రాదు. 1/4000 దగ్గర సందు మిల్లీమీటరున్నరే. అలాంటప్పుడు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోయే ఫ్లాష్ ఆ సన్నటి సందుకు ఎదురుగా ఉన్న భాగానికే అందుతుంది. మిగతాదంతా ఎండ ఇచ్చినంతే. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి, పైనుంచి కప్పుకొచ్చే రెండో తెర నీడ ఫోటోలో అడుగున కనిపిస్తుంది.

తెరలు ఎంత వేగంగా దాటగలవన్నదే అసలు పరిమితి. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎమ్2 షట్టర్ 1/4000 దాకా వెళ్ళేది, ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్ వెలుగు బొమ్మ మొత్తానికీ అందే గరిష్ఠ వేగం, మాత్రం 1/200 దగ్గరే ఆగింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా తెరలున్న కెమెరాల సింక్ వేగం దాని చుట్టుపక్కలే ఉంది.

ఈ పరిమితిని దాటే దారి మొదట చూపించింది ఒలింపస్. 1986లో ఓఎమ్-4టీఐ కెమెరాతోపాటు ఎఫ్280 అనే ఫ్లాష్ తెచ్చింది. ఆ ఫ్లాష్ ఒక్క మెరుపుతో సరిపెట్టదు. సందు ఫిల్మ్ ఒక అంచున తెరుచుకోకముందే మొదలుపెట్టి, అవతలి అంచు దాటేదాకా ఎన్నో చిన్న చిన్న మెరుపులను వెంటవెంటనే వదులుతుంది. కంటికి అవి విడివిడిగా కనిపించవు, ఒకే మెరుపులా అనిపిస్తాయి. సందుకు మాత్రం ప్రయాణమంతా ఎడతెగని వెలుగు దొరుకుతుంది. నల్లటి పట్టీ పోతుంది. ఇప్పుడు మనం హై స్పీడ్ సింక్ అంటున్నది ఇదే. నికాన్ దీన్ని ఆటో ఎఫ్‌పీ అంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది, పని ఒకటే.

ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉన్నంతకాలం ఈ ఏర్పాటు తేలిగ్గానే నడుస్తుంది. కల్లంలో మనకు కావాల్సింది అది కాదు. ఫ్లాష్ పక్కన, స్టాండు మీద, సాఫ్ట్‌బాక్స్ లోపల ఉండాలి. కెమెరా దగ్గరి నుంచి మొహం మీదికి సూటిగా కొడితే ఎండిన కాయ నిగనిగ అంతా తెల్లటి చుక్కలై మెరుస్తుంది. మిర్చిలో తేజ రకం మరీను. పక్క నుంచి కొడితేనే కాయ మీద ముడతలు, ముఖంలో గుండ్రదనం తెలుస్తాయి. దూరంగా ఉన్న ఫ్లాష్‌కు కెమెరా చెప్పేది చేరవేయడానికే వైర్‌లెస్ ట్రిగ్గర్ కావాలి.

అన్ని ట్రిగ్గర్లూ ఈ పని చేయలేవు, కొనేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది కూడా ఇక్కడే. కెమెరా మీద ఫ్లాష్ తగిలించే హాట్ షూలో మధ్యన ఒక పెద్ద చుక్క ఉంటుంది, దాని చుట్టూ కొన్ని చిన్న చుక్కలుంటాయి. మధ్య చుక్క చెప్పేది ఒక్కటే: మొదటి తెర పూర్తిగా దిగింది, ఇక మెరవచ్చు అని. చవకరకం ట్రిగ్గర్లు దీన్నే అందుకుని రేడియో ద్వారా పంపుతాయి. 1/200 లోపు అది చాలు. హై స్పీడ్ సింక్‌కు మాత్రం ఆ సంకేతం మరీ ఆలస్యం. మొదటి తెర దిగిపోయేసరికి సందు ప్రయాణం దాదాపు ముగిసిపోయి ఉంటుంది. ఫ్లాష్ అంతకు ముందే మొదలవ్వాలి. షట్టర్ వేగం ఎంత పెట్టామో, ఎప్పుడు కదలబోతోందో కెమెరా ముందుగా చెప్పేది చుట్టూ ఉన్న చిన్న చుక్కల ద్వారానే. ఒక్కో కంపెనీది ఒక్కో భాష. అందుకే ఒకే గోడాక్స్ ఎక్స్‌ప్రో ట్రిగ్గర్‌ను కెనాన్‌కు వేరు, నికాన్‌కు వేరు, సోనీకి వేరు, ఫ్యూజీకి వేరు చేసి అమ్ముతారు. పెట్టె మీద చివర ఉన్న అక్షరం చూడకుండా కొంటే మధ్య చుక్క పని మాత్రమే చేసే వస్తువు చేతికొస్తుంది.

పాతకాలం వైర్‌లెస్ ఫ్లాష్‌లు చాలావరకు కాంతి మెరుపుల ద్వారా మాట్లాడుకునేవి. గదిలో బాగానే పనిచేసేవి. మన ఎండలో, అందులోనూ ఫ్లాష్ పక్కన ఉన్నప్పుడు, ఆ మెరుపు ఎండలో కలిసిపోయి అవతలి ఫ్లాష్ కదిలేది కాదు. పాకెట్ విజార్డ్ 2009లో మినీటీటీ1, ఫ్లెక్స్‌టీటీ5 తెచ్చాక రేడియో ద్వారా హై స్పీడ్ సింక్ సాధారణ ఫోటోగ్రాఫర్లకు తెలిసింది. 2012లో కెనాన్ తన 600ఈఎక్స్-ఆర్‌టీ ఫ్లాష్‌లోనే రేడియో పెట్టింది. తర్వాత చైనా కంపెనీలు, ముఖ్యంగా గోడాక్స్, ధరను దించి ఈ పరికరాలను మామూలు స్టూడియోలకు అందేలా చేశాయి.

కొన్నాక పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రిగ్గర్‌లో, ఫ్లాష్‌లో చానల్ ఒకటే ఉండాలి, ఐడీ పెట్టుకునే సదుపాయం ఉంటే అదీ కలవాలి, ఫ్లాష్ ఏ గ్రూపులో ఉందో చూసుకోవాలి. గోడాక్స్ కెనాన్ ట్రిగ్గర్‌లో హై స్పీడ్ సింక్‌ను ట్రిగ్గర్ మీదే ఆన్ చేయాలి. నికాన్‌లో అయితే కెమెరా మెనూలోకి వెళ్ళి ఆటో ఎఫ్‌పీని ఎంచుకోవాలి. అది మరిచిపోతే ఎన్ని నొక్కినా షట్టర్ 1/200 లేదా 1/250 దాటి కదలదు. మిర్రర్‌లెస్ కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఎక్కువ వాటిలో ఫ్లాష్ అసలు మెరవదు. మెకానికల్ షట్టర్‌కు మార్చుకోవాలి.

అన్నీ కుదిరాయి, 1/3200 దగ్గర ఫ్లాష్ మెరిసింది, నల్లటి పట్టీ లేదు. అయినా ముఖం చీకటిగానే ఉంది! ఇది అందరికీ ఎదురయ్యే రెండో దెబ్బ. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే హై స్పీడ్ సింక్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు మానాలి అన్నది ఇక్కడే తేలుతుంది.

ఒక ట్యాంకు నీళ్ళు ఒకే పాదులో పోయడం వేరు, అవే నీళ్ళు ఎకరం పొడవునా డ్రిప్పు పైపులో వదలడం వేరు. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ తన శక్తిని తెరల ప్రయాణమంతా పరుస్తుంది. సెన్సార్ మీది ఒక్కో వరుసకు సందు తన ముందు ఉన్నంతసేపు పడ్డదే దక్కుతుంది. మిగతా వెలుగంతా మూసి ఉన్న తెరల మీద పడి వృథా అవుతుంది. మామూలు సింక్ నుంచి హై స్పీడ్ సింక్‌లోకి అడుగుపెట్టగానే సుమారు రెండు స్టాపులు పోతాయి. అంటే నాలుగో వంతే మిగులుతుంది. ఎండతో పోల్చుకుంటే, 200 వాట్-సెకన్ల ఫ్లాష్ ఇక 50 దానిలా నడుస్తుంది. చిన్న స్పీడ్‌లైట్ ఒక్కటే ఉంటే దాన్ని మనిషికి ఒకటి, ఒకటిన్నర మీటర్ల దగ్గరకు తేవాల్సి వస్తుంది, సాఫ్ట్‌బాక్స్ తీసేయాల్సి వస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు తెలిసి దీన్ని చాలామంది పట్టించుకోరు. 1/250 లోపు షట్టర్ వేగం పెంచితే ఎండ తగ్గుతుంది, ఫ్లాష్ దాదాపు తగ్గదు. కాబట్టి సింక్ వేగం దగ్గరే ఫ్లాష్ ఎండను గట్టిగా ఎదుర్కోగలదు. ఆ గీత దాటాక పెంచిన ప్రతిసారీ ఎండా సగమవుతుంది, ఫ్లాషూ సగమవుతుంది. 1/1000 దగ్గర రెండింటి మధ్య ఎంత తేడా ఉందో 1/4000 దగ్గరా అంతే తేడా. షట్టర్ పెంచి ఎండను లొంగదీసుకుందామనుకునేవాళ్ళు వృథాగా శ్రమపడుతున్నారు. హై స్పీడ్ సింక్ ఇచ్చే వరం ఒక్కటే: పెద్దగా తెరిచిన లెన్స్, మసకబారిన నేపథ్యం. ఎండ మీద గెలుపు మాత్రం దాని వల్ల రాదు.

అందుకే నా మాట ఇది. కల్లమంతా కనిపించాలి, మనిషి వెనక రాశి రాశిగా పడి ఉన్న ఎరుపు స్పష్టంగా ఉండాలి అనుకుంటే, హై స్పీడ్ సింక్ జోలికే పోవద్దు. 1/200, ఎఫ్/11, ఫ్లాష్ నిండు పవర్. బొమ్మ గట్టిగా వస్తుంది. నేపథ్యం మసకబారాలి, ఫ్లాష్ మాత్రం చిన్నది అంటే, లెన్స్ ముందు వెలుగును నాలుగు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి 1/200, ఎఫ్/2.8 దగ్గర తీయండి. ఎక్స్‌పోజర్ 1/3200 దగ్గర వచ్చినంతే వస్తుంది, ఫ్లాష్ మాత్రం రెండు స్టాపులు నష్టపోదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ చీకటిగా మారుతుంది, ఫోకస్ తడబడుతుంది, చవక ఫిల్టర్లు రంగును మారుస్తాయి. మిర్చి ఎరుపు దగ్గర రంగు మార్పు చిన్న విషయం కాదు. కాబట్టి మంచి ఫిల్టరే కొనాలి. ఫోటో వెంట ఫోటో తొందరగా తీయాలి, మనుషులు కదులుతున్నారు, ఫిల్టర్ పెట్టి తీస్తూ కూర్చోలేం అన్నప్పుడు హై స్పీడ్ సింక్ అక్కరకొస్తుంది. దానికి 200 వాట్-సెకన్ల ఫ్లాష్ కనీసం కావాలి, 600 ఉంటే నిశ్చింత. ఏదున్నా దగ్గరకు జరపడమే అన్నిటికన్నా చవకైన ఉపాయం. రెండు మీటర్ల నుంచి మీటరు నలభైకి జరిపితే వెలుగు రెట్టింపవుతుంది.

తెరలే లేని దారులూ ఉన్నాయి. 1957 నాటి హాసెల్‌బ్లాడ్ 500సీలో షట్టర్ లెన్స్ లోపలే రేకుల్లా విచ్చుకునేది కాబట్టి 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కుదిరేది. 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఏ9-3లో సెన్సార్ అంతా ఒకేసారి వెలుగును అందుకుంటుంది. దానికి సింక్ వేగం అనే గీతే లేదు. ధర చూస్తే మన స్టూడియోలకు అది ఇప్పట్లో అందేది కాదు.

పేరులో హై స్పీడ్ ఉందని కదలికను ఆపేస్తుందనుకోవడం ఇంకో అపోహ. కాయను గాల్లోకి ఎగరేసి ప్రతి కాయనూ నిలబెట్టినట్టు తీయాలని ఎవరికి ఉండదు? మీటరు ఎత్తు నుంచి జారిన కాయ సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగంతో కిందికొస్తుంది. 1/200 సెకనులో అది రెండు సెంటీమీటర్లకు పైగా జారుతుంది, ఎర్రటి గీతలా పడుతుంది. ఎండలో 1/3200 పెడితే షట్టరే దాన్ని ఆపుతుంది, హై స్పీడ్ సింక్ ముఖానికి వెలుగిస్తుంది అంతే. నిజంగా గడ్డకట్టినట్టు ఆపాలంటే పద్ధతి పూర్తిగా వేరు. చీకటి గదిలోనో, నీడపట్టునో, హై స్పీడ్ సింక్ ఆపేసి, షట్టర్ 1/200 దగ్గర ఉంచి, ఫ్లాష్ పవర్‌ను 1/64, 1/128కి దించాలి. పవర్ దించేకొద్దీ మెరుపు పొట్టిగా అవుతుంది. మంచి స్పీడ్‌లైట్ కనిష్ఠ పవర్‌లో సుమారు 1/20000 సెకను మాత్రమే వెలుగుతుంది. ఆ వ్యవధిలో పడే కాయ పావు మిల్లీమీటరు కూడా కదలదు. అమెరికాలో ఎమ్‌ఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క కిరీటంలా చిందిన క్షణాన్ని పట్టింది పొట్టి మెరుపుతోనే. మర పట్టిన కారం పొడి గాల్లో లేచినప్పుడు ఒక్కో రేణువునూ చూపించగలిగేది కూడా అదే. హై స్పీడ్ సింక్ మెరుపు దానికి సరిగ్గా వ్యతిరేకం. అది పొడుగు మెరుపు.

ఎండ సంగతి పరికరాలకూ వర్తిస్తుంది. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ ట్యూబు చాలా వేడెక్కుతుంది. వెంటవెంటనే కొడితే ఫ్లాష్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. రెంటచింతల ఎండల్లో అది ఇంకా తొందరగా ఆగుతుంది. ఫ్లాష్‌కు తెల్లటి గుడ్డ కప్పి ఉంచండి, బ్యాటరీలను మూసిన కారులో వదలకండి. ట్రిగ్గర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నీళ్ళు మింగేస్తాయి. పచ్చటి మిరప, పత్తి ఆకుల మధ్య ఫ్లాష్ రిసీవర్ మునిగితే సంకేతం బలహీనపడుతుంది. పైరు మట్టం కన్నా పైకి స్టాండు లేపండి. మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఫ్లాష్ తప్పుతుంటే ట్రిగ్గర్‌లో దూరం సెట్టింగును 0-30 మీటర్లకు మార్చి చూడండి. వడగాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా లేస్తుంది, స్టాండుకు ఇసుక మూట తప్పనిసరి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు మాత్రం ఫ్లాష్ తీసుకెళ్ళొద్దని గట్టిగా చెబుతాను. అంత దూరానికి అది చేరదు, చేరినా బండకు కట్టిన పశువు కళ్ళలో మెరుపు కొట్టడం న్యాయం కాదు.

కల్లంలో అడుగు పెట్టేముందు రైతును అడగండి. ఎండిన కాయ మీద నడిస్తే విరుగుతుంది, గింజ రాలుతుంది, యార్డులో ధర పడిపోతుంది. ఏడాది కష్టం అక్కడ పరిచి ఉంది. స్టాండు పెట్టడానికి, జంట నిలబడటానికి పట్టా అంచున ఖాళీ జాగా చూసుకోవాలి. తాలు ఏరే ఆడవాళ్ళను ఫోటోలో పెట్టాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళ కూలి గంట మనం తీసుకుంటే దానికి డబ్బు ఇవ్వాలి.

చివరగా ఒక సాంకేతిక విషయం, ఇది మిర్చికి ప్రత్యేకం. కెమెరాలో మామూలు హిస్టోగ్రామ్ మూడు రంగులనూ కలిపి చూపిస్తుంది. అందులో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే ఎరుపు ఒక్కటీ పొంగిపోయి ఉండొచ్చు. అప్పుడు కాయ మీది ముడతలు, నిగారింపు పోయి, ఒకే రంగు పూసినట్టు అవుతుంది. లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పుట్టిన 334 రకానికీ తేజకూ తేడా తెలియదు, మంచి కాయ నారింజకు తిరిగి తాలులా కనిపిస్తుంది. మెనూలో మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను ఆన్ చేసుకుని, ఎరుపు గీత కుడి గోడను తాకుతుంటే ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడో వంతు, అవసరమైతే మూడింట రెండు వంతులు దించండి. ముఖం చీకటి పడితే ఆ మేరకు ఫ్లాష్ పవర్ పెంచండి, లేదా స్టాండును ఒకడుగు ముందుకు జరపండి.